దినారు కార్డు, తీర్థం ఖర్చు



కిందటి మాఘమాసంలో అంతర్వేది తీర్థానికని బయలుదేరి, స్వామివారి రథం కంటే ఏటీఎం మిషను దగ్గరే ఎక్కువసేపు నిలబడి వచ్చాను. ఈ పూట ఆ సంగతి చెబుతాను.

మా కోనసీమవాళ్లకు అంతర్వేది గురించి చెప్పక్కర్లేదు. బయటి శ్రోతల కోసం ఒక్క మాట. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి దాటుకుంటూ వచ్చిన రోడ్డు అంతర్వేదిలో ఆగిపోతుంది. నరసాపురం వైపువాళ్లు పంటు ఎక్కి గోదావరి దాటి వస్తారు. ఆ పైన వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు. ఇక ఊళ్లు లేవు, నీళ్లే. మాఘ శుద్ధ దశమి రాత్రి లక్ష్మీనరసింహస్వామి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథం. కువైట్‌లో ఉన్నా, దుబాయిలో ఉన్నా, మస్కట్‌లో ఉన్నా మావాళ్లు సెలవు దొరికితే సంక్రాంతికి రావాలని చూస్తారు. అది కుదరకపోతే తీర్థానికి.

నేను బ్యాంకు కౌంటరు వెనక ముప్పై ఏళ్లు కూర్చుని రిటైరైనవాణ్ణి. ఊళ్లో నాకు పేరు ఉన్నట్టే ఎవరికీ గుర్తులేదు. 'బ్యాంకు బాబుగారు' అంటారు. ఏకాదశి ఉదయం కాఫీ తాగుతుంటే పక్కింటి వాళ్ల అమ్మాయి గుమ్మంలోకి వచ్చింది. అమ్మాయి అంటున్నాను గానీ నలభై దాటాయి. పదకొండేళ్లుగా కువైట్‌లో ఒకరింట్లో వంట చేస్తోంది. రెండేళ్ల తర్వాత వచ్చింది.

"బాబుగారండీ, సకినేటిపల్లిలో మిసను పనిచెయ్యట్లేదంటండి. మలికిపురం దాకా రాగలరా అండి? ఇంగ్లీసులో ఏదేదో అడుగుతాదంటండి."

చేతిలో కువైట్ బ్యాంకు కార్డు. జీతం అందులోనే పడుతుంది. అమ్మకు చీర, స్వామికి మొక్కుబడి, మేనల్లుళ్లకు తీర్థం డబ్బులు, ఆటో, పంటు, అన్నీ కలిపి పదివేలు కావాలి. తీర్థంలో జీళ్లు అమ్మే ఆవిడ కూడా ఇప్పుడు ఫోన్ స్కానర్ పెట్టుకుంది, నిజమే. కానీ ఈ అమ్మాయి ఫోన్‌లో ఉన్నది కువైట్ నంబరు. ఆ స్కానరు ఆమెకు పనికిరాదు. ఎందుకో తర్వాత చెబుతాను.

సరే, ఆటోలో వెళ్లాం. మొదటి మిషనులో డబ్బు లేదు. పండగ రోజు, వింతేమీ కాదు. రెండోది కార్డు లోపలికి తీసుకుని, కాసేపు ఆలోచించి, బయటికి నెట్టేసింది. మన దగ్గరి మిషన్లన్నీ పైదేశం కార్డు తీసుకోవు. మిషను మీద వీసా, మాస్టర్‌కార్డ్ గుర్తులు అంటించి ఉంటాయి. మన కార్డు మీద ఉన్న గుర్తు మిషను మీద కూడా ఉందో లేదో ముందే చూసుకుంటే ఆటో డబ్బులు మిగులుతాయి. పైగా కొన్ని జీతం కార్డులు ఆ దేశం దాటితే అసలు పనిచేయవు. విమానం ఎక్కకముందే అక్కడి బ్యాంకును అడిగి, ఇండియాలో వాడతానని చెప్పి రావాలి.

మూడో మిషను కార్డు పట్టింది. పిన్ నొక్కింది, పదివేలు అని కొట్టింది. అప్పుడు వచ్చింది ఆ ఇంగ్లీషు ప్రశ్న. తెర మీద ఒక అంకె, పక్కన కువైట్ దినార్లని గుర్తు. కింద రెండు మీటలు. ఒకటి 'ఒప్పుకుంటున్నాను', రెండోది 'వద్దు'.

"దినార్లలోనే చూపిత్తంది కదండీ, నా డబ్బు దినార్లే కదండీ, అదే నొక్కేత్తే పోలేదా?" అని వేలు ఆకుపచ్చ మీట మీదికి తీసుకెళ్లింది.

"ఆగమ్మా" అన్నాను. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఇంత గట్టిగా ఎవరి మీదా అరవలేదు.

లెక్క తేలిగ్గా ఉండటానికి ఆ రోజు దినారు 280 రూపాయలనుకోండి. పదివేల రూపాయలంటే 35 దినార్ల 714 ఫిల్సు. వెయ్యి ఫిల్సులు ఒక దినారు. తెర మీద మాత్రం 38 దినార్లని ఉంది. అంటే ఈ మిషనువాళ్లు 'నీ రూపాయల్ని మేమే దినార్లలోకి మార్చి పెడతాం' అని మర్యాదగా అడుగుతున్నారు. మార్చే రేటు వాళ్లది, అందులో లాభం వాళ్లది. రెండు దినార్ల పైమాట తేడా. రూపాయల్లో 640. 'ఒప్పుకుంటున్నాను' అని నొక్కితే ఆ రేటుకి మనం సంతకం పెట్టినట్టే. 'వద్దు' అని నొక్కితే డబ్బు ఆగదు. మిషను పదివేలూ ఇస్తుంది. మార్పిడి మాత్రం వీసావాళ్లో, మాస్టర్‌కార్డ్‌వాళ్లో తమ రేటుకి చేసి కువైట్ బ్యాంకుకి పంపుతారు. ఆ రేటు దాదాపు ఎప్పుడూ మిషను చెప్పే రేటు కంటే నయం.

"వద్దంటే డబ్బు రాదేమోనండీ" అంది. 'వద్దు' నొక్కించాను. నోట్లు బరబరా లెక్కపెట్టుకుని బయటికొచ్చాయి. కాసేపటికి ఆమె ఫోన్‌కి కువైట్ బ్యాంకు సందేశం వచ్చింది. మార్పిడి కింద 36 దినార్లు దాటి కొంచెం పట్టారు, రుసుము విడిగా వేశారు. ఆమె వేళ్ల మీద లెక్కేసుకుని, "మిగిలింది అరరోజు పనండీ" అంది. ఈ తేడాని శాతాల్లో చెప్పడం నాకు అలవాటు. ఆమె చెప్పిన లెక్క ముందు నాది ఎందుకూ పనికిరాలేదు.

ఇప్పుడు ఆ రుసుముల సంగతి. నరసాపురం రేవు దాటేవాడికి పంటు టికెట్టు ఎలాగో, కార్డు మీది డబ్బుకి అలాగ. మలికిపురంలో మిషను ఒక బ్యాంకుది. విదేశీ కార్డు వాడినందుకు అది కొంత వేసుకోవచ్చు. వేసుకునేట్టయితే ముందుగా తెర మీద చెబుతుంది. మధ్యలో వీసా లాంటి నెట్‌వర్కు రేటు కడుతుంది. చివర కార్డు ఇచ్చిన కువైట్ బ్యాంకు, పైదేశంలో వాడావు గనక నాకింత అంటుంది. ఈ రుసుముల్లో ఎక్కువ భాగం తీసినప్పుడల్లా పడేవి. రెండువేలు తీసినా అంతే, పదివేలు తీసినా అంతే. రోజుకో రెండువేలు చొప్పున ఐదు రోజులు తీసేవాడు ఐదుసార్లు పంటు ఎక్కినట్టు. ఒక్కసారి మిషను ఇచ్చినంతా తీసుకుని దాచుకోవడం మేలు. మన మిషన్లు చాలావరకు ఒక విడతకి పదివేలే ఇస్తాయి కాబట్టి అంతకంటే ఆశపడక్కర్లేదు.

ఇంకో చిక్కు. మిషను నోట్లు ఇవ్వకుండానే ఖాతాలో డబ్బు కోసేస్తే? మన దేశం కార్డుకి మన మిషనులో అలా జరిగితే రిజర్వు బ్యాంకు 2019లో ఒక నియమం పెట్టింది. జరిగిన రోజు తర్వాత ఐదు రోజుల్లో సొమ్ము వెనక్కి వేయాలి, ఆలస్యమైతే రోజుకి వంద రూపాయలు ఖాతాదారుకి ఇవ్వాలి. మంచి నియమం. కానీ అది దేశంలోపలి లావాదేవీలకే. కువైట్ కార్డువాళ్లు ఇక్కడి బ్యాంకు గుమ్మంలో ఎంత అరిచినా లాభం లేదు. ఆ ఫిర్యాదు కువైట్ బ్యాంకుకే చెప్పుకోవాలి. అందుకని మిషను చీటీ పారేయకండి. చీటీ రాకపోతే మిషను నంబరు, టైము ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

ఇక్కడ కొంచెం పాత సంగతి. ఈ మిషను పుట్టింది 1967 జూన్ 27న, లండన్ పొలిమేరలో ఎన్‌ఫీల్డ్ అనే చోట, బార్క్లేస్ బ్యాంకు గోడకి. దాన్ని కనిపెట్టినవాడిగా చెప్పుకునే జాన్ షెపర్డ్ బారన్ పుట్టింది మన షిల్లాంగ్‌లో. పిన్ నాలుగు అంకెలే ఎందుకంటే, ఆయన భార్య అంతకంటే ఎక్కువ గుర్తుపెట్టుకోలేనన్నదట. మన దేశంలో అది మొదట 1987లో బొంబాయికి వచ్చింది. కోనసీమకు రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

దానికంటే నాకు వింతగా తోచేది ఇంకోటి. ఒకప్పుడు కువైట్‌లో చెల్లింది మన రూపాయే. 1959లో గల్ఫు కోసమని రిజర్వు బ్యాంకు వేరే రంగు నోట్లు కూడా అచ్చు వేసింది. 1961లో కువైట్ తన దినారు తెచ్చుకున్నప్పుడు ఒక దినారుకి పదమూడు రూపాయల చిల్లర లెక్కన మార్చారు. ఇవాళ అదే దినారు 270 దాటి చాలా కాలమైంది. రూపాయి పడిపోయిందని మనం పత్రికల్లో చదివి విచారిస్తాం. ఆ రోజే కువైట్‌లో ఎక్స్చేంజి ముందు మనవాళ్లు బారులు తీరతారు. రూపాయి ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూసే ఇళ్లు మా ఊళ్లలో ఉన్నాయి. వాళ్లని తప్పుపట్టలేను.

నేను ఉద్యోగంలో కుదురుకున్న కొత్తలో కార్డులు లేవు. గల్ఫు నుంచి రిజిస్టరు పోస్టులో డ్రాఫ్టు వచ్చేది. ఏ మద్రాసు శాఖ మీదో, బొంబాయి శాఖ మీదో రాసి ఉండేది. మేము కలెక్షన్‌కి పంపేవాళ్లం. వారాలు పట్టేది. ఈలోగా తల్లి రోజూ వచ్చి, "బాబూ, పాసయ్యిందా" అని అడిగేది. పరీక్ష ఫలితం అడిగినట్టు ఉండేది ఆ మాట.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. అక్కడి దినారుని ఇరాక్ దినారుతో సమానం చేశారు, తర్వాత చెల్లదన్నారు. లక్షా డెబ్బైవేల మందికి పైగా భారతీయుల్ని అమ్మాన్ మీదుగా విమానాల్లో తీసుకొచ్చారు. అలా వచ్చినవాళ్లలో ఒకాయన మా కౌంటరు దగ్గరికి వచ్చి, కువైట్ బ్యాంకు పాసుపుస్తకం నా ముందు పెట్టి, "ఇందులో ఉన్నదంతా నాదేనండి, ఎంతో కొంత ఇవ్వండి" అన్నాడు. పుస్తకంలో అంకెలు స్పష్టంగా ఉన్నాయి. నేను ఒక్క రూపాయి ఇవ్వలేకపోయాను. మన డబ్బు అని కాగితం చెప్పడం వేరు, చేతికి రావడం వేరు అని ఆ రోజు నాకు తెలిసింది. కార్డు కూడా కాగితం లాంటిదే. అవతల బ్యాంకు ఔననేదాకా అందులో డబ్బున్నట్టు కాదు.

అందుకే అడిగినవాళ్లందరికీ నేను ఒకే మాట చెబుతాను. కువైట్ కార్డుతో ఇక్కడ డబ్బు తీయడం ఆపద్ధర్మం, అలవాటు కాకూడదు. ఇక్కడ ఎన్నారై ఖాతా ఒకటి తెరిచి, సెలవుకి వచ్చే ముందు ఎక్స్చేంజిలో నుంచి దాంట్లోకి వేసుకుంటే మార్పిడి ఒక్కసారితో అయిపోతుంది. రేటు నచ్చిన రోజు చూసి వేసుకోవచ్చు కూడా. ఆ ఖాతా కార్డు రూపాయల కార్డు. మలికిపురం మిషను దాన్ని ఏ ప్రశ్నా అడగదు.

ఎన్నారై ఖాతాలు ముఖ్యంగా రెండు రకాలు. పైదేశం సంపాదన వేసేది ఎన్నారీ, ఇక్కడి ఆదాయం వేసేది ఎన్నారో. కొబ్బరికాయలు దింపిన డబ్బు, కౌలు డబ్బు, ఇంటద్దె మామూలుగా వేసుకునేది ఎన్నారోలో. ఎన్నారీ వడ్డీ మీద ఇక్కడ ఆదాయపు పన్ను లేదు, ఎన్నారో వడ్డీకి ఉంది. వెళ్లక ముందు ఉన్న మామూలు సేవింగ్స్ ఖాతాని అలాగే వదిలేయకూడదు, ఎన్నారోగా మార్పించాలి. మావాళ్లలో సగం మంది మార్పించరు. అడిగితే "ఇప్పటిదాకా ఎవరూ అడగలేదండీ" అంటారు.

అసలు ప్రమాదం మిషను దగ్గర లేదు, ఇంట్లో బీరువాలో ఉంది. కొడుకు దోహాలో ఉంటాడు. అతని ఏటీఎం కార్డు తల్లి దగ్గర ఉంటుంది. కార్డు కవరు మీద బాల్‌పెన్నుతో నాలుగు అంకెలు. తల్లికి చదువు రాదు గనక కార్డు పట్టుకెళ్లేది పక్కింటి కుర్రాడు. డబ్బు తీసినట్టు సందేశం వెళ్లేది దోహాకి. అక్కడ ఆ సమయానికి కొడుకు క్రేన్ మీద ఉంటాడు, ఫోన్ లాకరులో ఉంటుంది. ఇందులో ఎవరూ దొంగ కాదు. కానీ ఒకరోజు ఇరవైవేలు తక్కువైతే ఎవర్ని అడగాలి? రిజర్వు బ్యాంకు 2017 నియమం ప్రకారం బయటివాడు మోసం చేస్తే, మూడు పనిదినాల్లోపు బ్యాంకుకి చెబితే ఖాతాదారుకి నష్టం ఉండదు. పిన్ మనమే ఇంకొకరికి ఇచ్చి ఉంటే, బ్యాంకుకి చెప్పే క్షణం దాకా పోయిందంతా మన లెక్కే. ఈ మాట చెబితే, "మా అమ్మకి ఇస్తే ఇంకొకరికి ఇచ్చినట్టాండీ?" అని ఒకతను నా మీద కోపగించుకున్నాడు. బ్యాంకు లెక్కలో అమ్మ కూడా ఇంకొకరే. వినడానికి కటువుగా ఉంటుంది గానీ అంతే.

దీనికి దారి ఉంది. తల్లికో, భార్యకో ఖాతా నడిపే అధికారం రాసివ్వొచ్చు. బ్యాంకులో మేండేట్ అంటారు, లేదా పవర్ ఆఫ్ అటార్నీ. ఆ కాగితం ఉంటే ఇక్కడి ఖర్చులకు వాళ్లు తమ సంతకంతో డబ్బు తీసుకోవచ్చు. ఇంకా తేలిక మార్గం, తల్లి పేరుతో మామూలు ఖాతా తెరిచి నెలనెలా దాంట్లోకి పంపడం. అప్పుడు కార్డు ఆమెది, పిన్ ఆమెది, సందేశం ఆమె ఫోన్‌కి. నాలుగంకెలు గుర్తుండవంటే, కొడుకు పుట్టిన సంవత్సరం మాత్రం పెట్టొద్దు. మా ఊళ్లో సగం కార్డుల పిన్ అదేనని నా అనుమానం.

ఇటునుంచి అటు వెళ్లేవాళ్లకు వేరే చిక్కు. ఇక్కడి కార్డు జేబులో పెట్టుకుని విమానం దిగి, అక్కడి మిషనులో పెడితే చప్పుడు చేయదు. 2020 నుంచి రిజర్వు బ్యాంకు కొత్త కార్డులన్నిటికీ విదేశీ వాడకాన్ని మూసే ఇమ్మంది. కావలసినవాళ్లు బ్యాంకు యాప్‌లోనో, శాఖలోనో తెరిపించుకోవాలి. జన్‌ధన్ ఖాతాలతో వచ్చే రూపే కార్డు మామూలుగా దేశంలో వాడటానికి ఇచ్చినది. పైదేశాల్లో వాడే రూపే కార్డు వేరు. కొత్తగా వెళ్లే ఆడపిల్లలు కార్డు మీద భరోసా పెట్టుకోకుండా, మొదటి జీతం వచ్చేదాకా సరిపడా అక్కడి నోట్లు లైసెన్సున్న డీలరు దగ్గర మార్చుకుని, రసీదుతో తీసుకెళ్లడం మంచిది. అక్కడ చేరాక జీతం కార్డు ఇస్తే దాన్ని, దాని పిన్‌ని తమ దగ్గరే ఉంచుకోవాలి. యజమాని దగ్గర భద్రంగా ఉంటుందని ఇచ్చేసి, నెలకొకసారి చేయిచాపి అడిగే పరిస్థితి తెచ్చుకున్నవాళ్ల మాటలు నేను విన్నాను.

స్కానరు సంగతి చెబుతానన్నాను. 2023 జనవరిలో ఎన్నారైలు విదేశీ ఫోన్ నంబరుతోనే యూపీఐ వాడుకోవచ్చని అనుమతి వచ్చింది, ఎన్నారీ లేదా ఎన్నారో ఖాతా ఉంటే. మొదట ఇచ్చిన పది దేశాల్లో ఒమన్, కతర్, సౌదీ, యూఏఈ ఉన్నాయి. అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, సింగపూర్, హాంకాంగ్ ఉన్నాయి. కువైట్ లేదు, బహ్రెయిన్ లేదు. మా లంకల నుంచి ఎక్కువమంది ఆడవాళ్లు వెళ్లింది కువైట్‌కే. వాళ్లు తీర్థంలో జీళ్లు కొనాలంటే నోటే కావాలి, లేదా ఖాతాకి కలిపిన మన సిమ్ ఒకటి బతికించుకుని ఉండాలి.

ఆ రోజు మలికిపురం నుంచి తిరిగొచ్చేసరికి రథం కదిలింది. జనంలో ఆ అమ్మాయి పదివేలూ రెండు చోట్ల దాచుకుంది, ఎక్కడో చెప్పను. సాయంత్రం గట్టు దగ్గర కనిపించి, "బాబుగారండీ, కార్డు కవరు మీద ఏం రాసుకోవాలండీ, మర్చిపోతానేమో" అంది. పిన్ కాదమ్మా, కార్డు పోతే ఫోన్ చేయాల్సిన కువైట్ బ్యాంకు నంబరు రాసుకో, అదీ కార్డుతో పాటు కాదు, వేరే కాగితం మీద, అన్నాను. "ఆయ్" అంది.

ఈ ప్రసంగం వింటున్న ఇళ్లలో గల్ఫు నుంచి సెలవుకి రావలసినవాళ్లు ఎవరైనా ఉంటే, ఈ రాత్రే ఫోన్ చేసి చెప్పండి. కార్డు ఇక్కడ పనిచేస్తుందో లేదో వాళ్ల బ్యాంకుని అడగమనండి. మిషను దినార్లలో తీసుకుంటానని అడిగితే 'వద్దు' అని నొక్కమనండి. కువైట్‌లో మనకంటే రెండున్నర గంటలు వెనక. కొంచెం ఆగి, పొద్దుపోయాక చేయండి. అప్పటికి వాళ్ల వంటపని అయిపోయి ఉంటుంది.